మోడల్ లేని అందం: పెన్ నుంచి ఫోన్ తెర దాకా

క్రీము అమ్మాలంటే అందమైన ముఖం చూపించాల్సిందేనని వ్యాపారులంతా నమ్మిన రోజుల్లో క్లినిక్ అనే సౌందర్య సాధనాల సంస్థ ఆ ముఖాన్నే పక్కన పెట్టింది. 1968లో అమెరికాలో మొదలైన ఆ బ్రాండుకు ఫొటోలు తీసినవాడు ఇర్వింగ్ పెన్. 1943 అక్టోబరులో వోగ్ పత్రిక ముఖచిత్రానికి ఆయన ఇచ్చిన ఫొటోలోనూ మనిషి లేడు. తోలు సంచి, చేతి తొడుగులు, నిమ్మకాయలు లాంటి వస్తువులే. క్లినిక్ కోసం 1974లో గాజు గ్లాసులో పళ్ళ బ్రష్షు పెట్టి తీశాడు. రోజుకు రెండుసార్లు అన్నది దాని మాట. చర్మ సంరక్షణ కూడా పళ్ళు తోముకోవడంలాంటి అలవాటేనని చెప్పడానికి అంతకన్నా ఏం కావాలి?

ఇప్పుడు చర్మం, జుట్టు కోసమంటూ తినే కొలాజెన్ పొడి, బయోటిన్ గమ్మీలు అమ్మేవాళ్ళు ఇన్‌స్టాగ్రామ్‌లో పత్రిక ముఖచిత్రంలా ప్రకటనలు వేస్తున్నారు. వాటిలో మంచివి చూస్తే నాకు పెన్నే గుర్తొస్తాడు. ఈ సరుకుతో చిక్కేమిటంటే, ఒంటికి పూసి చూపించడానికి ఏమీ ఉండదు. మాత్రను ఎలా తీసినా మందుల షాపు వాసన కొడుతుంది. అందుకే పనితనం తెలిసినవాళ్ళు సీసానే కథానాయికను చేస్తారు.

ఎలాగంటారా? 1080 బై 1350 పిక్సెళ్ళ నిలువు చట్రం. పైన పత్రిక పేరులా పెద్ద అక్షరాల్లో ఒకే మాట. సీసా మూత ఆ మాటలో ఒక అక్షరాన్ని కొంచెం కప్పుతుంది. సినీతార తల పత్రిక పేరు మీదికి వచ్చే పాత ఎత్తే ఇది. ఆ చిన్న అతివ్యాప్తితో చదునైన తెరకు లోతు వస్తుంది. కాకపోతే అక్షరం ఎంత మరుగుపడినా మాట చదవగలగాలి. హద్దు అక్కడే ఉంది. వెలుగు ఒకే వైపు నుంచి, నీడ మిట్టమధ్యాహ్నపు ఎండలోలా పదునుగా పడాలి. నీడ మసకబారితే కేటలాగు ఫొటో అయి ఊరుకుంటుంది.

అసలు పత్రిక అట్ట మీద అరడజను శీర్షికలు ఇముడుతాయి. అరచేతి వెడల్పు తెరలో రెండు దాటితే చీమల బారే. బొమ్మలో అక్షరాలు ఐదో వంతు మించితే ఫేస్‌బుక్ ఆ ప్రకటనను తక్కువమందికి చూపించే పద్ధతి 2020 దాకా ఉండేది. అది పోయినా ఆ పొదుపు మాత్రం చేయి తిరిగినవాళ్ళకు అలవాటుగా మిగిలింది. ఇన్‌స్టాగ్రామ్ స్టోరీకి మార్చేటప్పుడు పైనా కిందా యాప్ బొత్తాలు కూర్చుంటాయి కాబట్టి పైనున్న పేరును కిందికి దించాలి. చాలామంది ఈ ఒక్కటీ మరిచిపోతారు.

తెలుగులో పని ఇంకా కష్టం. పై వరుస వత్తు కింది వరుస గుడిని గుద్దుతుంది. ఇంగ్లిషు కొలతతో వరుసలు పేర్చితే పేజీ ఊపిరాడక గింజుకుంటుంది. వరుసల మధ్య జాగా పెంచి, పేరుకు వత్తుల్లేని పొట్టి మాట ఎంచుకుని, శీర్షికకు రామభద్ర, చిన్న వరుసలకు మండలి ఫాంటు వాడితే నిండుగా ఉంటుంది. రెండూ ఉచితంగా దొరుకుతాయి.

వాడకముందు, వాడిన తర్వాత అంటూ ముఖాన్ని రెండుగా చీల్చే ప్రకటనల మీద నాకు గౌరవం లేదు. వాటికి నేర్పు అక్కర్లేదు, మొండితనం చాలు. ప్రకటనను నిజం పత్రికగా నమ్మించబోవడం కూడా అలాంటిదే. వేషం పత్రికది కావచ్చు, ఇది ప్రకటన అన్న మాట మాత్రం దాచకూడదు.

మన దేశంలో ఇలాంటి ఆహార పూరకాల లేబుల్ మీద ఔషధంగా వాడటానికి కాదని స్పష్టంగా ముద్రించాలి. కొలాజెన్ చేప నుంచో పశువు నుంచో వస్తుంది కాబట్టి దాని డబ్బా మీద మాంసాహార గుర్తు కూడా ఉంటుంది. డిజైనర్లకు నా మనవి ఒక్కటే: సీసాను తిప్పి నిలబెట్టేటప్పుడు ఆ రెండింటినీ నీడ వైపుకు నెట్టకండి.