పన్ను ఎంతవరకు సాక్షి? నస్కల్ శిలాజాలు – రామాపిథెకస్ వివాదం: ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
మానవ పూర్వీకుల అన్వేషణలో శిలాజ దంతాలు ప్రధానమైన ఆధారాలు. అయితే ఒక దంతం ఆహారాన్ని గురించి చెప్పే సాక్ష్యానికీ, వంశాన్ని గురించి చెప్పే సాక్ష్యానికీ సమానమైన విలువ ఉండదు. ఈ భేదాన్ని విస్మరించడం వల్ల భారతదేశపు శిలాజాల విషయంలో రెండు పెద్ద నిర్ణయాలు తలకిందులయ్యాయి. ఒకటి శివాలిక్ కొండల రామాపిథెకస్, రెండవది తెలంగాణలోని నస్కల్ వద్ద లభించిన డెక్కనోలెస్టిస్. ఈ రెండింటి చరిత్రను పోల్చి, సాక్ష్యానికీ నిర్ణయానికీ మధ్య ఉండవలసిన దూరాన్ని చర్చించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: శిలాజ దంతాలు, నస్కల్, డెక్కనోలెస్టిస్, రామాపిథెకస్, పరిణామం, వంశనిర్ణయం.

1. ఉపోద్ఘాతం:
హైదరాబాద్ నుంచి మొయినాబాద్, చేవెళ్ల మీదుగా పశ్చిమానికి సాగే బీజాపూర్ రహదారి వెంట నేల స్వభావం క్రమంగా మారుతుంది. గ్రానైటు గుండ్లు వెనకబడి, దక్కను లావా ప్రవాహాలు గడ్డకట్టగా ఏర్పడిన నల్లరాతి పొరలు, వాటి మీది రేగడి కనిపిస్తాయి. ఒక ప్రవాహానికీ మరొక ప్రవాహానికీ నడుమ దొరికిన విరామంలో మడుగులు ఏర్పడ్డాయి. వాటి అడుగున పేరుకొన్న మట్టిపొరల్లో ఆనాటి జీవుల అవశేషాలు నిలిచాయి. చేవెళ్లకు ఆవల, వికారాబాద్–పరిగి ప్రాంతంలోని నస్కల్ వద్ద ఉన్నది అటువంటి పొరే.

ఈ పొర నుంచి లభించిన సూక్ష్మ దంతాల ఆధారంగా జి.వి.ఆర్. ప్రసాద్, అశోక్ సాహ్ని 1988లో ‘నేచర్’ పత్రికలో డెక్కనోలెస్టిస్ హిస్లోపి అనే క్షీరదాన్ని ప్రకటించారు. భారతదేశంలో క్రెటేషియస్ యుగానికి చెందిన క్షీరదం వెలుగు చూడడం అదే మొదలు. ఆ యుగం ముగిసినది సుమారు 6.6 కోట్ల సంవత్సరాల క్రితం. చుంచెలుకను తలపించే ఈ ప్రాణిని మానవ పూర్వీకుడని ఎవరూ అనలేదు. కానీ మనుషులూ కోతులూ చేరిన ప్రైమేట్ల వర్గానికి మూలబంధువు ఇదేనా అన్న ప్రశ్న మాత్రం దాదాపు రెండు దశాబ్దాలు చర్చలో ఉంది.

2. దంతం విశిష్టత:
శరీరంలో అన్నింటికన్నా గట్టి పదార్థం పంటి మీది పింగాణి పొర. ఎముకలు నశించిన చోట కూడా దంతాలు మిగలడానికి అదే కారణం. ఎముక జీవితాంతం మారుతూ ఉంటుంది. పింగాణి పొర ఒకసారి ఏర్పడిన తరువాత అరగడమే తప్ప పెరగదు. అందువల్ల బాల్యంలో దానిపై పడిన వృద్ధిరేఖలు చెరగకుండా నిలుస్తాయి. 1985లో బ్రోమేజ్, డీన్ ఈ రేఖలను లెక్కించి, ఆస్ట్రలోపిథెకస్ వంటి ఆదిమ మానవసమాన జీవుల పిల్లలు మన పిల్లల్లా నెమ్మదిగా కాక, వానరాల పిల్లల్లా త్వరగా ఎదిగేవారని చూపారు.

దంతాన్ని మనం అడిగే ప్రశ్నలు మూడు: ఈ ప్రాణి ఏమి తిన్నది? ఎలా పెరిగింది? ఎవరి వంశానిది? రెండవ ప్రశ్నకు రేఖల లెక్క నేరుగా జవాబిస్తుంది. మొదటి ప్రశ్నలోనే చిక్కు ప్రారంభమవుతుంది. పెద్ద చర్వణకాలు, మందమైన పింగాణి ఉన్న పరాంత్రోపస్ బోయిసీని గట్టి గింజలు పగలగొట్టి తినే జీవిగా చాలాకాలం భావించారు. దంతాల మీది సూక్ష్మమైన గీతలు, పింగాణిలోని కార్బన్ ఐసోటోపులు పరిశీలించాక, దాని ఆహారంలో గడ్డిజాతి మొక్కలదే పెద్ద పాలు అని తేలింది. పంటి ఆకారం ఆ జీవి ఏమి తినగలదో చెబుతుంది. ఏమి తిన్నదో చెప్పేది అరుగుదల, రసాయనం. ఇక మూడవ ప్రశ్నకు దంతం ఇచ్చే జవాబు ఇంకా పరోక్షమైనది.

3. రామాపిథెకస్: ఒక దవడ మీద నిలిచిన వంశవృక్షం:
యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన జి. ఎడ్వర్డ్ లూయిస్ 1932లో, నేటి హిమాచల్ ప్రదేశ్‌లోని హరితల్యంగర్ వద్ద ఒక పై దవడ ముక్కను సేకరించి, 1934లో దానికి రామాపిథెకస్ అని పేరు పెట్టారు. 1961 నుంచి ఎల్విన్ సైమన్స్, తరువాత డేవిడ్ పిల్‌బీమ్ దీనిని మానవశాఖకు తొలి ప్రతినిధిగా నిలబెట్టారు. వారి ఆధారాలు చిన్న రదనికలు, మందమైన పింగాణి, విల్లులా వంగిన దంతపంక్తి. వీటిలో మూడవది విరిగిన ముక్కలను జతపరిచి ఊహించిన ఆకారం. దవడ మధ్యభాగమే దొరకనప్పుడు వంపు ఎంతో నిర్ణయించినది శిలాజం కాదు, పునర్నిర్మాణం చేసిన చేయి.

1967లో సారిచ్, విల్సన్ రక్తంలోని ప్రోటీన్లను పోల్చి, మానవులూ ఆఫ్రికా వానరాలూ విడిపోయి సుమారు 50 లక్షల సంవత్సరాలే అయిందన్నారు. కోటి సంవత్సరాలకు పైబడిన రామాపిథెకస్ మానవశాఖది కావడానికి ఆ లెక్కలో చోటు లేదు. శిలాజశాస్త్రజ్ఞులు చాలామంది అప్పుడు దానిని అంగీకరించలేదు. పాకిస్తాన్‌లోని పొట్వార్ పీఠభూమిలో శివాపిథెకస్ ముఖభాగం లభించి, 1982లో పిల్‌బీమ్ స్వయంగా దానిని వివరించాక పరిస్థితి మారింది. ఆ ముఖం ఒరాంగుటాన్‌ను పోలి ఉంది. రామాపిథెకస్ శివాపిథెకస్‌లో లీనమై, మానవ వంశవృక్షం నుంచి తొలగిపోయింది. ఇందులో దంతాలు అబద్ధం చెప్పలేదు. మందమైన పింగాణి వాస్తవమే. అది వంశచిహ్నమన్న భావనే నిలవలేదు.

4. డెక్కనోలెస్టిస్: ఎదురు దిశలో నడిచిన కథ:
నస్కల్ విషయంలో తొందరపాటు దంతం వైపు నుంచి రాలేదు. 1994లో ప్రసాద్, గోడినో అక్కడి చీలమండ ఎముకలను వివరించారు. అవి చెట్లెక్కే జీవుల ఎముకలను పోలి ఉండడంతో ప్రైమేట్లతో బంధుత్వం చర్చకు వచ్చింది. 2010లో బోయర్ బృందం మరిన్ని ఎముకలతో ఈ వాదాన్ని బలపరిచింది. 2011లో అంజలి గోస్వామి, ప్రసాద్ తదితరులు కొత్తగా లభించిన పదుల నమూనాలను చేర్చి, గతంలో బంధుత్వం ప్రతిపాదించిన వర్గాలన్నింటితోనూ పోల్చారు. ఆఫ్రికా, ఐరోపాలలోని అడాపిసోరికులిడ్ అనే ప్రాచీన కుటుంబంతో బంధుత్వం గట్టిగా నిలిచింది. ప్రైమేట్లతోనే కాదు, నేటి జరాయు క్షీరదాల ఏ శాఖతోనూ సన్నిహిత బంధుత్వం నిలవలేదు.

ఈ రెండు కథలను పక్కపక్కన పెడితే ‘దంతం మోసగిస్తుంది, ఎముక నిజం చెబుతుంది’ అన్న సులభ సూత్రం చెల్లదని తెలుస్తుంది. ఒకచోట నమలడానికి పనికివచ్చే లక్షణం, మరొకచోట చెట్టెక్కడానికి పనికివచ్చే లక్షణం వంశచిహ్నాలుగా చలామణి అయ్యాయి. ఒకే జీవనవిధానం గల రెండు వేర్వేరు వంశాలు ఒకే రూపాన్ని స్వతంత్రంగా సంతరించుకోవచ్చు. అలవాటును వంశంగా చదవడమే రెండు సందర్భాల్లోనూ జరిగిన పొరపాటు.

5. పాఠపరిష్కరణతో పోలిక:
సాహిత్య పరిశోధకులకు ఈ సూత్రం కొత్తది కాదు. రెండు తాళపత్ర ప్రతుల్లో సరైన పాఠం ఒకటే అయినంత మాత్రాన అవి ఒకే మాతృక నుంచి వచ్చాయని పరిష్కర్త చెప్పడు. సరైన పాఠం ఏ శాఖలోనైనా నిలిచి ఉండవచ్చు. రెండింటిలోనూ ఒకే విచిత్రమైన తప్పు కనిపిస్తే అప్పుడు బంధుత్వాన్ని ఊహిస్తాడు. అదీ, ఇద్దరు లేఖకులు విడివిడిగా చేయగలిగిన తప్పు కాకూడదు. నేటి పరిణామశాస్త్రం కూడా ఉమ్మడి ప్రాచీన లక్షణాలను పక్కన పెట్టి, ఉమ్మడిగా కొత్తగా వచ్చిన లక్షణాలనే లెక్కిస్తుంది. అవి విడివిడిగా వచ్చే అవకాశం ఉందేమో పరీక్షిస్తుంది. మందమైన పింగాణి ఈ రెండవ పరీక్షలో ఓడింది.

6. ముగింపు:
దంతాన్ని తక్కువచేయడం ఈ విమర్శ లక్ష్యం కాదు. 1927లో డేవిడ్‌సన్ బ్లాక్ ప్రధానంగా ఒకే చర్వణకం ఆధారంగా పెకింగ్ మానవుణ్ణి ప్రకటించగా, తరువాత దొరికిన పుర్రెలు ఆయన్ను సమర్థించాయి. అంతకు ఐదేళ్ల ముందు అమెరికాలో ఒకే పంటితో ప్రకటించిన ‘నెబ్రాస్కా మానవుడు’ చివరకు పందిని పోలిన పెకరీ జంతువుగా తేలాడు. ప్రకటించిన నాటికి రెండు సాక్ష్యాల పరిమాణం ఒకటే. స్వతంత్రమైన మరొక ఆధారం వచ్చేవరకు రెండూ ప్రతిపాదనలే.

మన పాఠ్యరచనలో ‘పూర్వీకుడు’, ‘బంధువు’ అన్న మాటలను మార్చి మార్చి వాడడం సాధారణమైంది. శిలాజాల విషయంలో ఈ రెండింటి మధ్య దూరం చాలా ఎక్కువ. మన నేల మీద దొరికినదానికి పూర్వీకుడన్న గౌరవం కట్టబెట్టాలన్న ఉత్సాహం ఆ దూరాన్ని మరింత చెరిపేస్తుంది. నస్కల్ విలువ ఆ గౌరవం మీద ఆధారపడలేదు. భారత భూభాగం ఇతర ఖండాలకు దూరంగా ఉన్నదనుకొనే కాలంలో కూడా ఆఫ్రికా, ఐరోపాలతో జీవుల రాకపోకలు జరిగాయని సూచించే అరుదైన ఆధారం అది.

మొయినాబాద్, చేవెళ్ల దాటి నగరం ఇదే దారి వెంట పడమరకు విస్తరిస్తున్నది. ఒకటి రెండు మిల్లీమీటర్ల దంతాలను దాచుకొన్న పలుచని పొరలు పునాదుల కింద కప్పబడితే, నేటి నిర్ణయాలను సరిదిద్దగల రేపటి సాక్ష్యం దొరకదు. రామాపిథెకస్‌ను సరిదిద్దినదీ, డెక్కనోలెస్టిస్ స్థానాన్ని మార్చినదీ తరువాత దొరికిన నమూనాలే. కనుక అటువంటి పొరలను గుర్తించి కాపాడుకోవడం కూడా పరిశోధన పద్ధతిలో భాగమే.