ఒక శిలాజపు కన్ను, రెండు పుస్తకాలు

నైల్స్ ఎల్‌డ్రెడ్జ్ ‘టైమ్ ఫ్రేమ్స్’ 1985లో వచ్చింది. రిచర్డ్ ఫోర్టీ ‘ట్రైలోబైట్!’ 2000లో వచ్చింది. రెండూ ట్రైలోబైట్లు అనే, ఎప్పుడో నశించిపోయిన సముద్రజీవుల పుస్తకాలే. రెండింటికీ ఆయువుపట్టు ఫాకాపిడే అనే ఒకే కుటుంబం. అందులో అందరికీ తెలిసిన ప్రజాతి ఫాకాప్స్. ఎల్‌డ్రెడ్జ్ ఆ జీవి కంట్లో కటకాల వరుసలు లెక్కపెట్టారు. ఆ కంటికి ఏం కనిపించి ఉంటుందని ఫోర్టీ అడిగారు. ఇద్దరూ మ్యూజియం మనుషులే. ఒకరిది న్యూయార్క్‌లోని అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీ, ఇంకొకరిది లండన్‌లోని నేచురల్ హిస్టరీ మ్యూజియం. అయినా ఈ రెండు పుస్తకాలూ వెంటవెంటనే చదివితే, ఇద్దరూ ఒకే జంతువు గురించి రాశారా అని అనుమానం వస్తుంది.

ముందు ఆ కన్ను సంగతి. చాలా ట్రైలోబైట్ల కళ్లు ఈగ కళ్ల తరహావే: సన్నటి కటకాలు వందలు, వేలు, ఒకే పొర కింద ఒత్తుగా ఇమిడి ఉంటాయి. ఫాకాపిడ్‌లవి అలా కాదు. కటకాలు తక్కువ, పెద్దవి, రెండు వైపులా ఉబ్బినవి. ఒక్కోదానికీ విడిగా పైపొర, పక్కదానికీ దీనికీ మధ్య అడ్డుగోడ. బాగా నిలిచిన నమూనా అయితే భూతద్దం లేకుండానే ఆ గుండ్రటి బొడిపెలు నిలువు వరుసల్లో కనిపిస్తాయి. ఆర్డోవిషియన్ యుగం చివర్లో మొదలైన ఈ కుటుంబం డెవోనియన్ ముగింపుతో, అంటే సుమారు 36 కోట్ల ఏళ్ల కిందట, పూర్తిగా తుడిచిపెట్టుకుపోయింది.

1960లలో ఎల్‌డ్రెడ్జ్ కొలంబియా యూనివర్సిటీలో పరిశోధక విద్యార్థి. జేకబ్ గ్రీన్ 1832లో వర్ణించిన ‘రానా’ అనే ఫాకాప్స్ రకాన్ని ఆయన ఎంచుకున్నారు. మధ్య డెవోనియన్ కాలపు రాళ్లలో అది విరివిగా దొరుకుతుంది. న్యూయార్క్ నుంచి అయోవా దాకా క్వారీలు తిరిగి నమూనాలు పోగుచేశారు. కాలం గడిచేకొద్దీ జీవి నెమ్మదిగా మారుతూ వస్తుంది కదా, ఆ మార్పును కొలిచి చూపిస్తే థీసిస్ అయిపోతుందని ఆయన లెక్క. తీరా కొలిస్తే మార్పే లేదు! లక్షల ఏళ్ల తేడా ఉన్న రెండు నమూనాలు పక్కపక్కన పెట్టినా ఒకదానికొకటి అచ్చు. పరిశోధక విద్యార్థికి ఇంతకంటే పెద్ద గండం లేదు. ‘ఏమీ జరగలేదు’ అని రాస్తే డాక్టరేట్ ఎవరిస్తారు? పుస్తకంలో బలమైన భాగం ఇదే. ఆ బెంగను ఆయన దాచుకోలేదు, దాన్ని నాటకీయంగా పెంచనూ లేదు.

చివరికి తేడా కంట్లో దొరికింది. కొన్ని నమూనాల్లో నిలువు వరుసలు 18, కొన్నింట్లో 17, ఆ తర్వాతి కాలం వాటిలో 15. ఇక్కడ పాఠకుడికి వెంటనే ఒక సందేహం రావాలి: పెంకు విడిచినప్పుడల్లా కటకాలు పెరుగుతాయి కదా, ఈ తేడా వయసు వల్ల వచ్చింది కాదా? కటకాల మొత్తం సంఖ్య పెరిగేమాట నిజమే. కానీ వరుసల సంఖ్య మాత్రం చిన్నతనంలోనే స్థిరపడిపోతుంది. అందుకే మొత్తం కటకాలు కాకుండా వరుసలే లెక్కపెట్టాలి. చూడ్డానికి చిన్న విషయం. కానీ అది తేలకపోతే పైన కట్టిన సిద్ధాంతమంతా కూలిపోతుంది.

ఆ వరుసలు ఎక్కడెక్కడ, ఎప్పుడెప్పుడు దొరికాయో చూస్తే ఒక కథ తయారైంది. అమెరికా నడిమి భాగాన్ని కప్పిన లోతు తక్కువ సముద్రంలో 18 వరుసల రకం చాలాకాలం మారకుండా బతికింది. సముద్రం వెనక్కి తగ్గాక అదీ పోయింది. నీళ్లు మళ్లీ వచ్చాక కనబడింది 17 వరుసల రకం, అదీ ఉన్నట్టుండి. మరి మార్పు ఎక్కడ జరిగింది? తూర్పు అంచున. న్యూయార్క్ మధ్య ప్రాంతంలోని ఒక క్వారీలో వరుసలు ఇంకా ఒక లెక్కకు కుదురుకోని నమూనాలు ఆయనకు కనిపించాయి. ప్రధాన సముద్రంలో ఏమీ జరగని కాలంలోనే, అంచున ఒక చిన్న గుంపులో మార్పు త్వరగా జరిగి, తర్వాత అది లోపలికి వ్యాపించిందన్నమాట. కొత్త జాతులు వేరుపడిన చిన్న గుంపుల్లో పుడతాయని ఎర్నెస్ట్ మేయర్ అప్పటికే చెప్పి ఉన్నారు. ఎల్‌డ్రెడ్జ్ దాన్ని 1971లో శిలాజాలకు అన్వయించారు. మరుసటి ఏడాది స్టీఫెన్ జే గూల్డ్‌తో కలిసి రాసిన వ్యాసం ‘పంక్చుయేటెడ్ ఈక్విలిబ్రియా’గా పేరుకెక్కింది. పేరు పెట్టింది గూల్డ్, పేరు ఎక్కువగా వచ్చిందీ గూల్డ్‌కే. ఆ వ్యాసాన్ని ‘టైమ్ ఫ్రేమ్స్’ చివర అనుబంధంగా ఇచ్చారు.

ఫోర్టీ పుస్తకం క్వారీలో కాదు, కార్న్‌వాల్ కొండచరియ మీద మొదలవుతుంది. థామస్ హార్డీ 1873 నాటి నవల ‘ఎ పెయిర్ ఆఫ్ బ్లూ ఐస్’లో ఒక పాత్ర చరియకు వేలాడుతూ, రాతిలోని ట్రైలోబైట్‌తో ముఖాముఖి అవుతుంది. ఆ చోటు వెతుక్కుంటూ ఫోర్టీ బయల్దేరతారు. నవల, వాతావరణం, భూగర్భశాస్త్రం ఒకే నడకలో కలిసిపోతాయి. పద్నాలుగేళ్ల వయసులో వేల్స్ తీరంలో మొదటి ట్రైలోబైట్ దొరికిన దగ్గర్నుంచీ ఆయనకు వీటి మీద ఉన్నది ప్రేమ, ఆ మాట ఒప్పుకోవడానికి మొహమాటమూ లేదు. ఎల్‌డ్రెడ్జ్ వాక్యంలో వాదన ముందు నడుస్తుంది, జంతువు వెనక వస్తుంది. ఫోర్టీ దగ్గర వరస తిరగబడుతుంది.

స్ఫటికపు కళ్ల అధ్యాయం ఆ పుస్తకానికి శిఖరం. ట్రైలోబైట్ కటకం కాల్సైట్. సున్నపురాయిలో ఉండే ఖనిజమే. స్వచ్ఛమైన కాల్సైట్ పలకను అచ్చు కాగితం మీద పెడితే అక్షరాలు రెండేసిగా కనిపిస్తాయి. మరి అలాంటి పదార్థంతో కన్ను ఎలా? ఒక్క దిశలో మాత్రం, స్ఫటికపు ప్రధాన అక్షం వెంబడి చూస్తే, ఆ రెండు బొమ్మలు రావు. ప్రతి కటకంలోనూ అక్షం సరిగ్గా ఆ దిశలోనే నిలిచి ఉంటుంది. 1973లో కెనెత్ టో ఈ శిలాజ కటకాల గుండానే ఫొటోలు తీసి చూపించారు. 1975లో యూవన్ క్లార్క్‌సన్, భౌతికశాస్త్రవేత్త రికార్డో లేవి-సెట్టి ఇంకో అడుగు వేశారు. ఈ రకం కళ్లున్న కొన్ని ట్రైలోబైట్ల కటకంలో రెండు పొరలున్నాయనీ, ఆ పొరల మధ్య హద్దు, బొమ్మ చెదరకుండా డెకార్ట్, హైగెన్స్ 17వ శతాబ్దంలో గీసిన వంపులకు సరిపోతుందనీ చూపించారు. ఈ వివరాలను ఫోర్టీ చెప్పే తీరు చూస్తే ఆప్టిక్స్ అంటే భయపడే పాఠకుడు కూడా పుస్తకం మూయడు.

కాకపోతే అక్కడే నాకో పేచీ ఉంది. అద్భుతం అనిపించగానే ఫోర్టీ కాస్త తొందరగా తృప్తిపడతారు. కటకం ఎంత బాగుందో చూపించాక, దాని వెనక ఏముందన్న ప్రశ్న వెనక్కి జరిగిపోతుంది. ఆ ప్రశ్న నిజానికి అప్పటికే ఉంది. జర్మనీలోని హున్స్‌రూక్ పలకరాళ్ల నుంచి వచ్చిన ఫాకాపిడ్‌లను విల్‌హెల్మ్ స్ట్యూర్మర్ ఎక్స్‌రే తీసి, కటకాల కింద సన్నటి తంతువులు కనిపిస్తున్నాయని 1970లలోనే చెప్పారు. తోటివాళ్లు పెద్దగా నమ్మలేదు. ఆయన పోయాక చాలా ఏళ్లకు, 2021లో, బ్రిగిట్ షోనెమన్ బృందం ఆ పాత ఎక్స్‌రేలనే మళ్లీ పరిశీలించింది. అవి నాడీ తంతువులని చెప్పి, ప్రతి పెద్ద కటకం కిందా ఒక చిన్న సంయుక్త నేత్రమే ఉందని వాదించింది. అదే నిజమైతే ఫాకాప్స్ చూపు గురించి 2000 నాటి పుస్తకం చెప్పిన బొమ్మ చాలావరకు మార్చి గీయాలి. ఎల్‌డ్రెడ్జ్ లెక్కకు మాత్రం దీనివల్ల ఏ ఇబ్బందీ లేదు. కటకం కింద ఏమున్నా 18 వరుసలు 18 వరుసలే.

అలాగని ఎల్‌డ్రెడ్జ్‌ను ఊరికే వదలలేం. ఒక వంశంలో రెండు మూడు వరుసల తేడా మీద జీవపరిణామమంతటి నడకను నిలబెట్టడం సాహసమే. ‘టైమ్ ఫ్రేమ్స్’ రెండో సగంలో డార్విన్‌తో, డార్విన్ అనుచరులతో తగవు పెరిగేకొద్దీ ఫాకాప్స్ కనుమరుగైపోతుంది. చెప్పినదే చెప్పడమూ ఉంది. ఈ విషయంలో ఫోర్టీది పెద్దమనిషి తరహా: ఎల్‌డ్రెడ్జ్‌కు ఇవ్వాల్సిన గౌరవం ఇస్తారు, ఎదుటిపక్షం సాక్ష్యాన్నీ వినిపిస్తారు. పీటర్ షెల్డన్ 1987లో వేల్స్‌లోని బిల్త్ ప్రాంతపు ట్రైలోబైట్లను వేల సంఖ్యలో కొలిచి, వాటి తోకభాగపు పట్టీలు నెమ్మదిగా పెరుగుతూ వచ్చాయని తేల్చారు. అంటే రెండు నడకలూ ప్రకృతిలో ఉన్నాయి. నాజీల చేతిలో 1941లో ప్రాణం పోగొట్టుకున్న రుడాల్ఫ్ కౌఫ్‌మన్, స్వీడన్ ఒలెనస్ శిలాజాల మీద ఇదే ప్రశ్నను ఎప్పుడో పట్టుకున్నారని గుర్తుచేసేదీ ఫోర్టీయే. ఆ పేజీలు ఎల్‌డ్రెడ్జ్ రాయలేరు.

ఎల్‌డ్రెడ్జ్ కథ మధ్య డెవోనియన్‌తో ఆగిపోతుంది. కుటుంబం కథ ఆగలేదు. డెవోనియన్ చివరి భాగంలో ట్రిమెరోసెఫలస్, డయానాప్స్, డక్టినా లాంటి ఫాకాపిడ్‌లకు కళ్లే లేవు. పోలండ్‌లో ట్రిమెరోసెఫలస్‌లు ఒకదాని వెనక ఒకటి బారులు తీరి శిలాజాలయ్యాయి. గుడ్డి జీవులు ఒకదాన్నొకటి తాకుతూ నడిచాయని పరిశోధకుల ఊహ. 18, 17, 15, తర్వాత సున్నా అని గీత గీయాలనిపిస్తుంది. అది తప్పు. వరుసలు తగ్గిన వంశం వేరు, చూపు పోగొట్టుకున్న వంశాలు వేరు. ఎల్‌డ్రెడ్జ్ పుస్తకం ఒక్కటే చదివినవారు ఈ పొరపాటులో పడే వీలుంది.

మనవైపు ఈ జీవుల కోసం వెతికి లాభం లేదు. కడప రాళ్లు ట్రైలోబైట్లు పుట్టకముందువి. గోదావరి లోయ గోండ్వానా రాళ్లు ఫాకాపిడ్‌లు పోయిన తర్వాతివి, పైగా అవి సముద్రంలో ఏర్పడినవి కావు. స్పితి లోయ దాకా వెళితే ఇంకా పాత కాలపు ట్రైలోబైట్లు దొరుకుతాయి. కాబట్టి తెలుగు పాఠకుడికి ఫాకాప్స్ పుస్తకాల్లోనే పరిచయం కావాలి.

1990లో వోల్ఫ్‌గాంగ్ స్ట్రూవే ‘రానా’ను ఫాకాప్స్ నుంచి విడదీసి కొత్త ప్రజాతిగా పెట్టారు. దాని పేరు ఎల్‌డ్రెడ్జియాప్స్. ఏ జంతువు ఆయన థీసిస్‌ను ముంచబోయిందో అది ఇప్పుడు ఆయన పేరుతోనే తిరుగుతోంది. పుస్తకంగా గెలిచేది మాత్రం ఫోర్టీదే. దాని ముందు ‘టైమ్ ఫ్రేమ్స్’ పొడిగా, సగం చోట్ల మొండిగా ఉంటుంది. అయినా భూగర్భశాస్త్రమో జీవశాస్త్రమో చదువుకుంటున్న పిల్లలకు ఒక్కటే ఇవ్వాల్సి వస్తే నేను ఇచ్చేది ‘టైమ్ ఫ్రేమ్స్’. అందులో క్వారీల అధ్యాయాలు చదివి, తర్వాత నేరుగా చివరి అనుబంధానికి వెళ్లండి. మధ్యలోని తగవు తీరికగా చూసుకోవచ్చు.