మినపగింజంత సోడియం

మా కాలేజీ ల్యాబులో సోడియం కిరసనాయిల్లో మునిగి ఉంటుంది. ఒక ముక్కను బయటికి తీసి, నూనెను కాగితంతో అద్ది, కత్తి పెడితే జున్ను కోసినట్టు తెగుతుంది. కోసినచోట వెండి మెరుపు కనిపిస్తుంది. చూస్తుండగానే మసకబారిపోతుంది. ఈ ప్రయోగంలో నాకు ఇష్టమైన ఘట్టం అదే. పిల్లలకేమో ఎప్పుడు నీళ్లలో వేస్తానా అని తొందర.

మినపగింజంత ముక్క చాలు. పెద్దది వేయమని వెనక బెంచీ ఏటా అడుగుతుంది, నేను ఏటా వేయను. నీళ్లలో ముందే కాస్త ఫినాఫ్తలీన్ కలిపి ఉంచుతాను. సోడియం నీటికన్నా తేలిక, పైగా 98 డిగ్రీలకే కరుగుతుంది. అందుకే తన వేడికి తనే గుండ్రటి బొట్టయి, బుస్సుమంటూ తొట్టంతా తిరుగుతుంది. వెళ్లినదారల్లా గులాబీ చార: సోడియం హైడ్రాక్సైడ్ తయారవుతోందన్నమాట. పొటాషియమైతే పడీపడగానే లేత ఊదా మంట. కాల్షియం మునిగి, తన బుడగలే లేపితే పైకొస్తుంది. మెగ్నీషియానికి చన్నీళ్లంటే లెక్కే లేదు.

1807లో లండన్‌లో హంఫ్రీ డేవీ తొలిసారి పొటాషియాన్ని వేరుచేసినప్పుడు ఆనందం పట్టలేక గదిలో గంతులేశాడట. సోడియం, పొటాషియం నీళ్లలో పడితే పేలుడెందుకని అడిగితే చాలాకాలం ఒకటే జవాబు: వెలువడిన హైడ్రోజన్ అంటుకుంటుంది. కానీ ఆ వాయువు, ఆవిరి కలిసి లోహానికీ నీటికీ మధ్య పొరలా అడ్డుపడి చర్యను ఆపేయాలి కదా? 2015లో రసాయనశాస్త్రవేత్త పావెల్ యుంగ్‌విర్త్ బృందం సోడియం-పొటాషియం మిశ్రమం బొట్టును నీళ్లలో వదిలి, హైస్పీడ్ కెమెరాతో చూసింది. మిల్లీసెకను గడవకముందే బొట్టులోంచి ముళ్లు పొడుచుకొచ్చాయి. ఎలక్ట్రాన్లు ఒక్కసారిగా నీటిలోకి దూకేస్తే, లోహంలో మిగిలిన ధనావేశాలు ఒకదాన్నొకటి తోసుకుని బొట్టును చీల్చేస్తాయి. చీలినకొద్దీ కొత్త ఉపరితలం నీటికి దొరుకుతుంది. హైడ్రోజన్ మంట ఆ తర్వాతి సంగతి.

పెద్ద ముక్క కావాలనేవాళ్లకు 1947 నాటి ఫిల్మ్ చూపిస్తాను. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, యుద్ధంలో మిగిలిన సోడియం పీపాలను లెనోర్ సరస్సులోకి దొర్లించేశారు. నీళ్లు ఎంతెత్తున లేస్తాయో చూశాక వెనక బెంచీ కాసేపు మాట్లాడదు.

క్లాసయ్యాకే అసలు పని. కత్తికి, కాగితానికి అంటిన తునకలు సింకులో పడకూడదు. వాటిని ఆల్కహాల్లో వేసి, బుడగలు పూర్తిగా ఆగాకే కడగాలి. ఈలోగా అటెండరు తొందరపడి కుళాయి తిప్పకుండా చూసుకోవడం నా వంతు.