పాత చర్య, కొత్త పదార్థం

అమ్మోనియాలోని హైడ్రోజన్‌ల స్థానంలో కర్బన సమూహాలు చేరగా ఏర్పడే అమైన్‌లను, కార్బొనిల్ సమూహానికి నైట్రోజన్ అతుక్కొని ఉండే అమైడ్‌ల నుంచి క్షయకరణం ద్వారా రాబట్టడం, లిథియం అల్యూమినియం హైడ్రైడ్ 1940ల చివర వాడుకలోకి వచ్చినప్పటి నుంచి రసాయనశాస్త్ర విద్యార్థులకు సైతం తెలిసిన పనే. అయితే ఆ అమైడూ, దాని నుంచి వచ్చే అమైనూ రెండూ లోకానికి కొత్తవైనప్పుడు వాటి నడుమ జరిగే పాత చర్యకు పేటెంట్ దక్కుతుందా అన్నది తేలికగా తెగే ప్రశ్న కాదు. కొత్త పదార్థాన్ని క్షయకరణంతో మరో కొత్త పదార్థంగా మార్చే విధానంపై వచ్చిన ఆల్బర్ట్‌సన్ కేసులో అమెరికా న్యాయస్థానం 1964లో కాదనే చెప్పింది. కొత్త ఆక్సైమ్ నుంచి కొత్త కార్బమేట్‌ను తయారుచేసే విధానం విషయంలో 1985 నాటి డర్డెన్ తీర్పూ ఆ బాటనే నడిచింది.

ఈ వైఖరిలోని లోపం, చర్యను అందులో పాల్గొనే పదార్థాల నుంచి విడదీసి చూడటం. ప్రయోగశాలలో చర్య అనేది పుస్తకంలోని బాణం గుర్తు కాదు. అమైడ్ ఉన్న అణువులోనే ఎస్టర్ కూడా ఉంటే లిథియం అల్యూమినియం హైడ్రైడ్ దాన్నీ వదలదు గనుక, ఎస్టర్ కంటే అమైడ్‌తో వేగంగా చర్య జరిపే బోరేన్‌ను ఎంచుకోవలసి రావచ్చు, ఆ ఎంపికలోనే రసాయనవేత్త పనితనం ఉంటుంది. 1995 డిసెంబరులో ఫెడరల్ సర్క్యూట్ న్యాయస్థానం ఒచియాయ్ కేసులో, సెఫలోస్పోరిన్ వర్గానికి చెందిన అమైన్‌ను కొత్త ఆమ్లంతో ఎసైలీకరణం చేసే విధానాన్ని పరిశీలిస్తూ, ఎవరికీ తెలియని ఆ ఆమ్లాన్ని వాడాలన్న ఆలోచన ఇతరులకు ముందే ఎలా తడుతుందన్న తర్కంతో పేటెంట్ కార్యాలయపు తిరస్కరణను కొట్టివేసింది. అన్ని కేసులకూ ఒకే కొలబద్ద పరిశీలకులకు సౌకర్యమే గాని చట్టసమ్మతం కాదని కూడా తేల్చింది. ముప్పై ఏళ్ల చిక్కును విప్పడానికి ఇంత సరళమైన తర్కం చాలిందంటే కొంత ఆశ్చర్యమే.

భారతీయ చట్టంలో ఈ వివాదానికి మరో రూపం ఉంది. 2005 వరకు ఔషధాలకు ఉత్పత్తి పేటెంట్లు నిరాకరించి తయారీ విధానాలకే పరిమితమైన 1970 నాటి చట్టంలోని 3(డి) నిబంధన, తెలిసిన విధానాన్ని కేవలం వాడుకోవడం ఆవిష్కరణ కాదంటూనే, దాని వల్ల కొత్త ఉత్పత్తి వచ్చినా, కనీసం ఒక కొత్త క్రియాజనకం అందులో పాల్గొన్నా ఆ నిషేధం వర్తించదని మినహాయించింది. అయితే ఆ మినహాయింపు ద్వారం మాత్రమే తెరుస్తుంది. లోపల ఆవిష్కరణ దశ ఉన్నదా లేదా అన్న పరీక్ష దరఖాస్తుదారుకు తప్పదు.