ఉప్పుగాలికి ఎదురు నిలిచే తాపీ

విశాఖ, కాకినాడ, బందరు లాంటి తీరపట్టణాల్లో కొత్త ఇల్లు కట్టిన మేస్త్రికి దక్కే పేరు, పాత ఇంటికి మరమ్మతు చేసే మేస్త్రికి దక్కదు. నిజానికి రెండోదే కష్టమైన విద్య.

సముద్రపు గాలి ఉప్పును మోసుకొస్తుంది. గోడ తడిసినప్పుడు ఆ ఉప్పు కరిగి లోపలికి దిగుతుంది. ఆరినప్పుడు స్ఫటికాలు కట్టి ప్లాస్టరింగును పెచ్చులుగా ఊడదీస్తుంది. స్లాబులోని ఇనుముకు చేరితే, తుప్పుపట్టిన ఊచ ఉబ్బి కాంక్రీటును చీల్చేస్తుంది.

మంచి మేస్త్రి వస్తూనే మాలు కలపడు. సుత్తితో తట్టి, డొల్ల శబ్దం వచ్చినంత మేరా గీత గీస్తాడు. పిట్టగోడ పగిలిందా, పైపు కారుతోందా, పునాది నుంచి చెమ్మ ఎక్కుతోందా అని వెతుకుతాడు. డొల్లంతా చెక్కి, ఇటుకల సందులు గీరి, మంచినీటితో కడిగి, గోడను ఆరనిస్తాడు. ఊచకు పట్టిన తుప్పును మెరుపు తేలేదాకా రుద్దుతాడు. సముద్రపు ఇసుక తెస్తే వెనక్కి పంపుతాడు. గానుగ సున్నంతో కట్టిన పాత గోడకు సున్నపు మాలే వేస్తాడు. గట్టి సిమెంటు పూస్తే చెమ్మ బయటికి రాలేక ఇటుకనే తినేస్తుందని అతనికి తెలుసు. సిమెంటు పనైతే కనీసం 7 రోజులు తడపమని మరీ మరీ చెబుతాడు.

ఇంత శ్రమా రంగు కింద దాగిపోతుంది. అందుకే మెచ్చుకునేవాళ్లు తక్కువ.

వానలు రాకముందే, ఎండాకాలంలోనే అతన్ని పిలవండి. గోడ ఆరడానికి అడిగినన్ని రోజులివ్వండి. కూలి దగ్గర బేరమాడకండి.