మస్టర్‌లో పేరున్నంతకాలం

2022 నవంబరులో మెటా 11 వేల మందికి పైగా ఉద్యోగులను తీసేసినప్పటి నుంచి ‘లేఆఫ్’ అనే మాట మన పత్రికల్లో ఉద్యోగం ఊడటానికి మారుపేరైంది. బెల్లంపల్లి లాంటి బొగ్గుబాయిల ఊళ్లో మాత్రం ఆ అర్థాన్ని ఒప్పుకోకూడదంటాను. మన చట్టంలో లేఆఫ్ అంటే పని ఆగడమే, కొలువు పోవడం కాదు. 1947 పారిశ్రామిక వివాదాల చట్టానికి 1953లో వచ్చిన సవరణ దానికి నిర్వచనం రాసింది: మస్టర్ రోల్‌లో (హాజరు పట్టీలో) పేరుండి, రిట్రెంచ్ కాని (తొలగించబడని) కార్మికుడికి యజమాని పని చూపకపోవడం, లేదా చూపలేకపోవడం. కారణాల్లో మొట్టమొదటిది బొగ్గు కొరత. కరెంటు, ముడిసరుకు, పేరుకుపోయిన నిల్వలు, చెడిపోయిన యంత్రాలు ఆ తర్వాతే. బాయిలోంచి బొగ్గు రాకపోతే ఎక్కడో ఒక మిల్లు ఆగుతుంది. ఆగినా అక్కడి కార్మికుడి పేరు చెరగకూడదన్నది అందులోని ఆలోచన. 2020 పారిశ్రామిక సంబంధాల కోడ్ కూడా ఈ అర్థాన్ని నిలబెట్టింది.

మస్టర్ విలువ బాయి పనివాళ్లకు ఒకరు చెప్పాల్సింది కాదు. భూగర్భంలో 190, పైన 240 మస్టర్లు పడితే ఏడాది సర్వీసు లెక్కకొస్తుంది. నిబంధనల ప్రకారం లేఆఫ్‌లో గడిచిన రోజులనూ పనిచేసిన రోజుల్లోనే కలపాలన్నది చట్టం. ఏడాది సర్వీసున్నవాళ్లకు ఆ రోజులకు మూలవేతనం, కరువు భత్యంలో సగం పరిహారంగా రావాలి.

భాష వాడుకను బట్టి మారుతుంది, ఇంగ్లిషులోనే ఈ మాట తాత్కాలికం నుంచి శాశ్వతానికి జరిగింది కదా అని అడగవచ్చు. నిజమే. కానీ ఇక్కడ మాటకు డబ్బు ముడిపడి ఉంది. లేఆఫ్ అంటే తీసేయడమే అనుకున్నవాడు సగం జీతం అడగకుండా ఇంటికి పోతాడు. నిజంగా తీసేసినవాడికి ‘లేఆఫ్’ అని చెబితే సర్వీసులో ఏడాదికి 15 రోజుల సగటు వేతనం చొప్పున రావాల్సిన రిట్రెంచ్‌మెంట్ పరిహారం మరుగున పడుతుంది. ఇతరుల బదులు పనిచేసే బదిలీ కార్మికులను, క్యాజువల్ కార్మికులను చట్టమే లేఆఫ్ పరిహారం బయట ఉంచింది కదా, వాళ్లకు ఏ మాటైతేనేం అన్నది ఇంకా బరువైన ప్రశ్న. ఆ అన్యాయాన్ని నేను తక్కువ చేయను. అయినా వాళ్లు కోరాల్సిన హక్కు ఏదో తెలియాలంటే ముందు దాని పేరు చెడకుండా ఉండాలి. ఇంగ్లిషు మాట పోయినా పర్వాలేదు. ‘పని నిలుపుదల’ వేరు, ‘తొలగింపు’ వేరు అని యూనియన్ కరపత్రంలోనూ పత్రిక శీర్షికలోనూ విడివిడిగా రాస్తే చాలు.