గురువు గిటార్, శిష్యుడి మీటు

1991లో అమెరికా గిటార్ విద్వాంసుడు క్రిస్టఫర్ పార్కెనింగ్ ‘ఎ ట్రిబ్యూట్ టు సెగోవియా’ అనే ఆల్బమ్ తెచ్చారు. అప్పటికి ఆయన గురువు ఆంద్రెస్ సెగోవియా కన్నుమూసి నాలుగేళ్లయింది. ఆ రికార్డింగ్ కోసం పార్కెనింగ్ తన గిటార్‌ను పక్కన పెట్టి, సెగోవియా కచేరీల్లో వాయించిన గిటార్లలో ఒకదాన్ని చేతికి తీసుకున్నారు. వాద్యం గురువుది, మీటే వేళ్లు శిష్యుడివి. మరి వినిపించే నాదం ఎవరిది? స్పానిష్ గిటార్ సంప్రదాయం విలువ తెలియాలంటే ఈ ప్రశ్న దగ్గరే మొదలుపెట్టాలి.

సెగోవియా 1893లో దక్షిణ స్పెయిన్‌లోని లినారెస్‌లో పుట్టారు. ఆయన బాల్యంలో గిటార్‌కు సత్రాల్లో, వీధుల్లో, ఫ్లమెంకో గాయకుల పక్కన చోటుండేది కానీ పియానో, వయొలిన్ మోగే పెద్ద సభల్లో మర్యాద తక్కువ. ఆ మర్యాద సంపాదించడానికి ఆయన జీవితమంతా వాయించారు. తనకు గురువెవరూ లేరని, తానే గురువు, తానే శిష్యుడినని చెప్పుకునేవారు. అయినా ఆయన నడిచిన దారిని అంతకుముందే ఒకరు వేశారు. ఆయన ఫ్రాన్సిస్కో తార్రెగా (1852–1909). తార్రెగా బోధనా గ్రంథమేదీ రాయలేదు. ఆయన విద్యంతా శిష్యుల చేతుల్లో మిగిలింది. వారిలో ఎమిలియో పుజోల్ ఆ పద్ధతిని సూత్రబద్ధం చేసి పుస్తకాలుగా అచ్చువేశారు. మిగెల్ ల్యోబెత్ ఊరూరా వాయించి, 1920ల్లో రికార్డులిచ్చారు. యువకుడైన సెగోవియా బార్సిలోనాలో ల్యోబెత్‌ను కలిసి ఆయన దగ్గర ఎన్నో రచనలు నేర్చుకున్నారు. కాగితం మీద లేని విద్య చేతి నుంచి చేతికి అలా వచ్చింది.

ఆ విద్యలో మొదటి పాఠం కుడిచేతిది. తీగను గోటితో మీటాలా, వేలి కొసతోనా అన్నది ఈ సంప్రదాయంలో తరాల నాటి వివాదం. 19వ శతాబ్దం తొలినాళ్లలో గిటార్ విద్వాంసుడు ఫెర్నాండో సోర్ గోరు వద్దన్నారు. ఆయన మిత్రుడు దియోనిసియో అగువాదో గోటితో వాయించారు. తార్రెగా చివరి సంవత్సరాల్లో గోళ్లు తీసేసి మెత్తని నాదం వెతికారు, పుజోల్ ఆ దారి పట్టారు. ల్యోబెత్, సెగోవియా గోరు ఉంచుకున్నారు. సెగోవియా పద్ధతిలో తీగ ముందు వేలి కండకు ఆనుతుంది, ఆ తర్వాత గోటి అంచు మీదుగా జారి విడుదలవుతుంది. కండ నాదానికి నిండుదనం ఇస్తుంది, గోరు స్పష్టత ఇస్తుంది. రెండూ ఎంతెంత పాళ్లలో కలవాలన్నది ప్రతి వాద్యకారుడు తన గోటి ఆకారాన్ని బట్టి, చర్మాన్ని బట్టి తేల్చుకోవాలి. అందుకే గురువు పద్ధతిని ఎంత శ్రద్ధగా నేర్చినా శిష్యుడి నాదం అచ్చంగా గురువు నాదం కాలేదు.

మీటులో మళ్లీ రెండు విధాలు. తీగను మీటిన వేలు వెళ్లి పక్క తీగ మీద ఆగితే అది ‘అపోయాందో’. ఆ స్వరం బరువుగా, గుండ్రంగా మిగతావాటి కన్నా ముందుకు వచ్చి వినిపిస్తుంది. వేలు ఏ తీగనూ తాకకుండా అరచేతి వైపు వస్తే అది ‘తిరాందో’. తీగలు ఒకదాని వెంట ఒకటి మోగుతూ కలవడానికి అది అనువు. పాటను అపోయాందోతో, దాని వెనక సహకారాన్ని తిరాందోతో పలికిస్తే ఒక్క వాద్యం మీద ఇద్దరు వాయిస్తున్నట్టు ఉంటుంది. చెయ్యి బ్రిడ్జి (తీగలు కట్టే చోటు) వైపు జరిగితే నాదం లోహంలా గట్టిపడుతుంది. మెట్ల వైపు జరిగితే మెత్తబడి తీపెక్కుతుంది. సెగోవియా రికార్డుల్లో ఒకే వాక్యం రెండోసారి వచ్చినప్పుడు రంగు మారడం గమనించవచ్చు. ఆయన ఆ చిన్న వాద్యాన్ని ఒక వాద్యబృందంగా భావించారు.

వేళ్ల పొందిక ఎంత దూరం పోగలదో తార్రెగా ‘రెకుయెర్దోస్ దె లా అల్హాంబ్రా’ చూపిస్తుంది. బొటనవేలు కింది స్వరాలు నడుపుతుంటే ఉంగరపు వేలు, నడిమి వేలు, చూపుడు వేలు వరుసగా ఒకే తీగను మీటుతూ పోతాయి. వేగం కుదిరితే విడివిడి మీటులు కనబడవు, తెగని ఒకే స్వరం పైన తేలుతున్నట్టుంటుంది. మీటగానే తరగడం మొదలుపెట్టే గిటార్ స్వరానికి నిలకడ తెచ్చిన ఉపాయం ఇది. దీని కష్టం వేగంలో లేదు, సమానత్వంలో ఉంది. మూడు వేళ్ల బలాలు వేరు, మీటులు మాత్రం సమానంగా పడాలి. మొదట నెమ్మదిగా, ఏ మీటుకు ఆ మీటు విడిగా వింటూ సాధన చేయించడమే గురువులందరి పద్ధతి.

ఎడమచేతి విద్య ఇంకా గుట్టుగా ఉంటుంది. అన్నిటికన్నా సన్నని మొదటి తీగ మెట్టు నొక్కకుండా పలికే స్వరమే రెండో తీగ అయిదో మెట్టు దగ్గర, మూడో తీగ తొమ్మిదో మెట్టు దగ్గర, నాలుగో తీగ పద్నాలుగో మెట్టు దగ్గర కూడా దొరుకుతుంది. స్వరం ఒకటే, పలుకు నాలుగు రకాలు. ఖాళీ తీగ మీద తేటగా, మూడో తీగ మీద గాఢంగా, నాలుగో తీగ మీద కాస్త మసకగా ఉంటుంది. ఏ స్వరాన్ని ఏ తీగ మీద, ఏ వేలితో పట్టాలో స్వరలిపిలో చిన్న అంకెలుగా రాస్తారు. పైకి అవి సౌకర్యం కోసం పెట్టిన గుర్తుల్లా కనబడతాయి. నిజానికి గురువు చెవి ఆ అంకెల్లోనే ఉంటుంది. తన వేళ్ల గుర్తులను శిష్యుడు మార్చితే సెగోవియా సహించేవారు కాదని ఆయన తరగతులు చూసినవారందరికీ తెలుసు.

ఈ సంప్రదాయంలో చాలా భాగం మరో వాద్యం నుంచి వచ్చింది. స్వరకర్త ఐజాక్ అల్బేనిస్ గిటార్‌కు రచనలు చేయలేదు, పియానోకు రాశారు. కానీ ఆయన మనసులో మోగింది గిటారే. ‘అస్తూరియాస్’ పేరుతో ప్రసిద్ధమైన రచనలో బొటనవేలు కింది తీగల మీద పాట నడుపుతుంటే, ఆ మధ్యమధ్య ఒకే ఖాళీ తీగ అదేపనిగా మోగుతుంది. పియానో మీద ఫ్లమెంకో గిటార్‌ను తలపించడానికి చేసిన రచన, గిటార్ మీదికి వచ్చేసరికి సొంతింటికి చేరినట్టయింది. తార్రెగా, ల్యోబెత్, సెగోవియా తరతరాలుగా ఇలాంటి రచనలను గిటార్‌కు మలుస్తూ వచ్చారు. మరోవైపు తోర్రోబా, తురీనా, రోద్రిగో వంటి స్వరకర్తలు సెగోవియా కోసం కొత్తగా రాశారు. చూపులేని హోవాకిన్ రోద్రిగో 1954లో ఆయన కోసం రాసిన ‘ఫాంతసీయా పారా ఉన్ హెంతిల్హోంబ్రె’కి 17వ శతాబ్దపు గాస్పార్ సాన్స్ గిటార్ పాటలే ఆధారం.

వాద్యాన్ని కూడా ఇలాగే ఒకరి తర్వాత ఒకరు తీర్చిదిద్దారు. నేటి క్లాసికల్ గిటార్‌కు రూపమిచ్చినది అంతోనియో దె తోర్రెస్ (1817–1892). పలుచని పైపలక కింద విసనకర్ర ఆకులలా సన్నని బద్దలు పరిచి, బరువు పెరగకుండా బలం తెచ్చారు. నాదానికి పైపలకే ప్రాణమని నిరూపించడానికి 1862లో పక్కలనూ వెనకనూ కాగితపు గుజ్జుతో చేసి ఒక గిటార్ తయారుచేశారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో జంతువుల పేగుతో చేసే తీగలు దొరకనప్పుడు, న్యూయార్క్‌లో ఆల్బర్ట్ ఆగస్టీన్ నైలాన్ తీగలు తయారుచేశారు. సెగోవియా వాటిని ఆమోదించాక ప్రపంచమంతా అవే వాడింది. ఆయన చాలాకాలం వాయించిన 1912 నాటి రమీరెస్, 1937 నాటి హౌజర్ గిటార్లు నేడు న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉన్నాయి.

మళ్లీ పార్కెనింగ్ దగ్గరికి వస్తే, ఆయనకు తొలి పాఠాలు చెప్పింది రొమేరో కుటుంబం. మలాగాలో పెరిగిన సెలెదోనియో రొమేరో 1957లో భార్యాబిడ్డలతో అమెరికా చేరారు. సెలిన్, పెపె, ఆంహెల్ అనే ముగ్గురు కొడుకులకూ గురువు ఆయనే. పెపె ఏడేళ్ల వయసులోనే తండ్రితో కలిసి కచేరీ వేదిక ఎక్కారు. తండ్రి 1996లో పోయారు. తండ్రి నేర్పిన పాటలన్న అర్థం వచ్చే పేరుతో పెపె కూడా ఒక ఆల్బమ్ చేశారు. రొమేరోలు ఇంట్లో నేర్చిన ఆ విద్యకూ, సెగోవియా విద్యకూ వారసుడు కావడం పార్కెనింగ్ అదృష్టం.

కానీ గురుభక్తిలో ఒక ప్రమాదం ఉంది. సెగోవియా నాదాన్ని, ఆయన సాగదీతలను, ఆయన ఆగిన చోట ఆగడాన్ని అనుకరించిన తరం ఒకటి వచ్చింది. ఆయన శిష్యుడే అయిన జాన్ విలియమ్స్ ఆ బోధనా పద్ధతి శిష్యుల సొంత స్వరాన్ని అణచివేసిందని బాహాటంగా విమర్శించారు. ఆ విమర్శలో న్యాయం ఉంది. గురువు ఇచ్చిన వేళ్ల గుర్తు ఎందుకలా ఉందో తెలిసినవారికే దాన్ని ఉంచుకునే హక్కు, మార్చే హక్కు రెండూ ఉంటాయి. కారణం తెలియని విధేయత గురువుకు కూడా మేలు చేయదు.

మన శ్రోతలకు ఈ విద్య పూర్తిగా పరాయిది కాదు. ఎన్నో తెలుగు పాటలకు ప్రాణం పోసిన ఇళయరాజా లండన్ ట్రినిటీ సంగీత కళాశాల పరీక్షలో క్లాసికల్ గిటార్‌కు బంగారు పతకం అందుకున్నవారే. ఈ రోజు తెలుగు ఊళ్లలో గిటార్ నేర్చుకునే పిల్లల్లో చాలామంది పాటలకు కార్డులు (స్వరాల గుత్తులు) వాయించడంతో ఆగిపోతున్నారు. వాళ్లకు నేర్పేవారు వారానికొక్క పాఠమైనా ఒకే స్వరాన్ని రెండు తీగల మీద వినిపించడానికి, గోటికీ కండకీ తేడా చెప్పడానికి కేటాయిస్తే బాగుంటుంది.

వినేవారు కూడా ‘అస్తూరియాస్’ను సెగోవియా రికార్డులో ఒకసారి, ఆయన శిష్యుల్లో ఒకరి రికార్డులో ఒకసారి వెంటవెంటనే వినండి. పోలిక ఎక్కడుందో, తేడా ఎక్కడుందో మీ చెవులే చెబుతాయి. ఆ రెండూ ఉన్న రికార్డే గురువుకు నిజమైన అంకితం.